పనికిరాని ఒడి

మా చెల్లెలి కూతురికి మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించడానికి ముహూర్తం కుదిరింది. పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, మొదటి కత్తెర మేనమామే వేయాలి, ఆ తర్వాతే మంగలాయన కత్తి అందుకోవాలి. ఎవరినడిగినా ఇదే చెప్తారు. మా చెల్లెలికి తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి ఆ ఒడి నాదే కావాలి.

కాదట.

మాది యాకుత్‌పురా స్టేషన్ వెనక, తాతల కాలం నుంచి చర్చికి వెళ్ళే ఇల్లు. చెల్లెలు లాల్‌దర్వాజాలో పాలవ్యాపారం చేసే ఇంటి అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అక్కడికి వెళ్ళాక బొట్టు పెట్టుకుంది, బోనం ఎత్తింది, గేదె పాలు పిండడం కూడా నేర్చుకుంది. వాళ్ళత్త గల్లీ గల్లీకీ వెళ్ళి "మా బిడ్డె అయిపోయింది" అని చెప్పుకుంటుంది. అయితే కానీ. నాకూ సంతోషమే. ఆమె వాళ్ళ బిడ్డ అయిపోతే నేను ఆమెకు అన్నను కాకుండా పోతానా?

ఆ అత్తమ్మే ఫోన్ చేసింది.

"ఏమనుకోకు కొడుకా. నువ్వు రావాలె, కడుపు నిండ తినాలె. గని ఒళ్ళె మాత్రం మా తమ్ముని కొడుకు కూసోవెట్టుకుంటడు. వరసకు వాడు గూడ మామనే గద. మీరు చర్చికి వోయేటోళ్ళు, అమ్మవారి ముంగట మీరు కూసుంటే మంచిగుండది."

నేను అడిగాను, "మరి పిల్లకు కొత్త బట్టలు ఎవరు పెట్టాలె అత్తమ్మా?"

"నువ్వే. మేనమామ బట్టలు లేకుంట ఎట్లయితది? పూలు గూడ నువ్వే తీస్కరా, గుడిమల్కాపూర్ పూలమార్కెట్ మీదికెల్లే గద నువ్వు డ్యూటీకి వోయేది."

ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు. నేను కొన్న గౌను అమ్మవారి ముందుకు రావచ్చు. నేను బేరమాడి తెచ్చిన బంతిపూలు నేరుగా అమ్మవారి మెడలోకే వెళ్ళవచ్చు. నేను మాత్రం వెళ్ళకూడదు.

ఒళ్ళు మండి మా అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. చర్చి పెద్ద కదా, నా తరఫున నాలుగు మాటలైనా అంటారని నా ఆశ. ఆయన అంతా విని కుర్చీలో వెనక్కి వాలారు.

"వాళ్ళే వద్దన్నరా? దేవునికి స్తోత్రం. నేను చెప్పేటి పని తప్పింది బ్రదర్. విగ్రహం ముంగట చేసే పనికి విశ్వాసి ఒడి ఇయ్యొద్దు. పో, దూరం నిలవడు, మనసుల ప్రార్థన చేస్కో, అన్నం తిని రా."

వేల ఏళ్ళుగా ఏ విషయంలోనూ కుదరని ఏకాభిప్రాయం ఈ రెండు మతాలకూ చివరికి నా ఒడి దగ్గర కుదిరింది. అన్నం విషయంలో కూడా కుదిరింది. ఇద్దరూ తిని రమ్మన్నారు.

ఈ అయ్యగారి సంగతీ నాకు తెలుసు. ఆయన కొత్త బండి కొన్నప్పుడు షోరూం వాళ్ళు మంగళవారం ఇస్తామంటే బుధవారానికి మార్పించుకున్నారు. ఎందుకని అడిగితే, ఆ రోజు ట్రాఫిక్ ఎక్కువన్నారు. పాతబస్తీలో ట్రాఫిక్ లేని రోజేదో ఆయనే చెప్పాలి. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఒక అభిషేక తైలం సీసా ఉంటుంది. మా ఆవిడ దాన్ని తలనొప్పికి రాస్తుంది, పరీక్షకు వెళ్ళే పిల్లల నుదుటికి రాస్తుంది, ఒకసారి నడవని మిక్సీకి కూడా రాసింది. చెల్లెలి అత్తింట్లో నిమ్మకాయ, మా ఇంట్లో సీసా. మరి పిల్లను ఎత్తుకునే దగ్గర మాత్రం నేను అంత వేరువాణ్ణి ఎట్లా అయ్యాను?

పెళ్ళయిన చెల్లెలి ఇంట్లో అన్నకు దక్కే చోటే కొంచెం. ఈ పిల్లకు నేనేమవుతానో నలుగురూ చూసేలా చెప్పే రోజు ఇది. ఇది పోతే రేపు పెద్దయ్యాక ఆ పిల్ల కళ్ళకు నేను పూలు తెచ్చి ఇచ్చిపోయే మనిషినే. చెల్లెలికి ఫోన్ చేశాను. "నువ్వయితే రా అన్నా" అంది, అంతకుమించి ఒక్క మాట అనలేదు. వెనక అత్త గొంతు వినబడుతోంది.

వెళ్ళాను. వాకిట్లో ఒక పక్క గేదెల కొట్టం, ఇంకో పక్క పీట మీద అమ్మవారి పటం. అత్తమ్మ పూలబుట్ట అందుకుని, "జర గేటు కాడ్నే ఉండు కొడుకా" అంది. వరస మామ వచ్చాడు. పట్టు కుర్తా, చేతిలో ఫోన్. పీట మీద కూర్చుని పిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఫోటో కోసం కత్తెర ఎత్తి పట్టుకుని, ఒక కుచ్చు కత్తిరించాడు. చెల్లెలు పసుపు పళ్ళెం పట్టుకుని అరుగు మీద నిలబడి ఉంది. నా వైపు చూసింది, తల దించుకుంది. అందరికంటే ఎక్కువ కోపం నాకు ఆమె మీదే వచ్చింది.

మంగలాయన తల తడిపి కుడివైపంతా నున్నగా గీసేశాడు. ఎడమవైపుకు తిప్పుతుండగా వరస మామ కుర్తా జేబులో ఫోన్ డీజే పాటతో గట్టిగా మోగింది. పిల్ల ఉలిక్కిపడింది. వాడు దాని రెండు చేతులూ గట్టిగా పట్టేశాడు. అది వాడి వేలు కొరికి, ఒళ్ళోంచి జారి, సగం గుండుతో పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర నా కాళ్ళు చుట్టేసుకుంది.

లడ్డు చూపించారు. ఫోన్లో బొమ్మలు చూపించారు. రాలేదు. లాగితే గల్లీ అంతా వినబడేలా ఏడ్చింది. "మామ కాడ్నే," అంటుంది.

మంగలాయన కత్తి తుడుచుకుంటూ, "అమ్మా, గట్ల సగంల ఇడిసిపెడ్తే మంచిది కాదు. అవతల రాహుకాలం గూడ వస్తుంది," అన్నాడు.

అత్తమ్మ కాసేపు పటం వైపు చూసింది, కాసేపు నా వైపు చూసింది. తర్వాత ఏ పండితుడికీ తట్టని తీర్పు ఒకటి చెప్పింది. "మొదటి కత్తెర మావోడు ఏసిండు గద, శాస్త్రం అయిపోయినట్టే. ఇంక మిగిలింది ఉత్త గుండు. గది ఎవరి ఒళ్ళె అయితే ఏంది. గని వాకిట్ల వద్దు కొడుకా, గేటు అవతల కూసో."

శాస్త్రం వాడికి, క్షవరం నాకు. గల్లీలో పాలక్యాను బోర్లేసి దాని మీద కూర్చున్నాను. వచ్చే పోయే స్కూటర్లు హారన్ కొడుతుంటే, పిల్ల నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని కిక్కురుమనకుండా గీయించుకుంది. అయిపోగానే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళిపోయారు, గంధం పూయడానికి. నా చొక్కా నిండా వెంట్రుకలు. భోజనం చేయకుండా వచ్చేశాను.

ఆదివారం అయ్యగారు అడగనే అడిగారు. "కూసున్నవా బ్రదర్?"

"గేటు అవతల కూసున్న అయ్యగారూ."

"గేటు అవతలనా? అయితే ఏం ఫికర్ లేదు," అని వెళ్ళిపోయారు.

ఆ కోపంతో నేను చెల్లెలికి ఫోన్ చేయడం మానేశాను. ఆమె చేస్తే మా ఆవిడకిచ్చాను.

జుట్టు మళ్ళీ కొంచెం మొలిచాక, ఒక మధ్యాహ్నం చెల్లెలు చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. చంకలో పిల్ల, వెనకాల చిన్న పెట్టె పట్టుకుని మా గల్లీ చివర ఉండే కంసాలాయన.

"చెవులు కుట్టియ్యాలె," అంది. "మేనమామ ఒళ్ళెనే కుట్టాలె అది గూడ. కూసో అన్నా."

"మీ ఇంట్ల ఏమన్న అనుకున్నరా?"

"అనుకున్నరు. రేపు పొద్దుగాల ముహూర్తం పెట్టిండ్రు. ఆ కుర్తాయన ఒళ్ళె."

"మరి?"

"మరేంది. మా అత్త ముంగట నాకు నోరు రాదన్నా, నీకు తెల్వదా. గందుకే ఇయ్యాల తీస్కొచ్చిన. ఎవరి ఒళ్ళె కుట్టించినవంటే, చెవులు చూపెట్టి మా అన్న ఒళ్ళె అని చెప్త. ఒక్కసారి కుట్టిన చెవులు మళ్ళ ఎట్ల కుడ్తరు?"

నేను పిల్లను అందుకుని గడపలోనే కూర్చున్నాను.