బాపు తలాపున పావురాల గూడు

ఈ పొద్దున కిటికీ తెరిస్తే పావురాల రెట్ట వాసన కొట్టింది. సున్నంలా పొడిగా, కాస్త పుల్లగా ఉండే ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ మా బాపు దగ్గు వినిపిస్తుంది. ఏసీ డబ్బా మీద ఎవరో జొన్నలు చల్లారు.

ఎనభైల చివర్లో మేము గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా తాత ఎదుట ఊరంతా చెప్పులు విడిచి నడిచేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకొనేవారు. అందులో గొప్పేమీ లేదని తెలిసే వయసు వచ్చేసరికి ఆ గర్వం నా ఎముకల్లోకి ఎక్కేసింది. భూములు గనికి పోయాయి. అందుకు బదులుగా బాపుకు ఆ గని బాయిలో బొగ్గు నింపే పని వచ్చింది. పొద్దంతా తట్ట మోసిన మనిషి స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకొని, ఇంకా తాతల నాటి దొరల గడిలోనే ఉన్నట్టు వెన్ను నిటారుగా పెట్టి నులక మంచం మీద కూర్చునేవాడు.

చలికాలం పొద్దున్నే వరుసగా ఇళ్ళ ముందు బొగ్గు పొయ్యిలు రాజేస్తే పసుపుపచ్చని పొగ పైకి పోకుండా మా మోకాళ్ళ దగ్గరే పాకేది. ఎండాకాలం దండెం మీది తెల్లబట్టలు నల్ల చుక్కలతో లోపలికొచ్చేవి. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ కట్టే మలీద ముద్దలు, వేయించిన నువ్వుల వాసన, తంగేడు పూల పచ్చి వాసన, వాటన్నిటి మీదుగా షిఫ్టు సైరన్. చిర్రగోనె ఆడుతుంటే కర్రతో కొట్టిన చిర్ర ఎగిరి మెకానిక్ యాకూబ్ కాక కప్పు మీద పడేది. ఆయన తన పావురాల మధ్య నుంచి దాన్ని వెతికి, ఓ తిట్టు జోడించి మా మీదికి విసిరేవాడు.

ఆ ఏడు బతుకమ్మ వెళ్ళాక బాపుకు దగ్గు ముదిరింది. దవాఖానలో మందులిచ్చి నెలనెలా రమ్మన్నారు. లైన్లో నిలబడితే వెనక నుంచి ఎవరో, "ఏంది దొరా, నువ్వు గూడ లైన్లనేనా?" అని నవ్వారు. బాపు ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ వారమే పేపర్ ఆదివారం పేజీలో ఒక ముక్క పడింది. బాపుకు చూపు మసక కాబట్టి చదివి వినిపించడం నా పని. పావురం చెడుగాలిని పీల్చేసుకుంటుందట, దాని రెక్కల గాలి ఊపిరితిత్తులను కడుగుతుందట, విదేశీ శాస్త్రవేత్తలు తేల్చారట. ఏ దేశమో, ఏ శాస్త్రవేత్తో రాయలేదు. ఇంకో ఊళ్ళో అయితే నవ్వి వదిలేసేవారేమో. మా దగ్గర పాత కార్మికులు చెప్పే ముచ్చట ఒకటుండేది: వెనకటి రోజుల్లో బాయిలోకి పంజరంలో పిట్టను తీసుకుపోయేవారట. విషవాయువు ఉంటే అది మనిషి కంటే ముందే పడిపోయేదట. ముందు చస్తుంది కాబట్టే అది పనికొచ్చింది. బాపు తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు.

"గందుకే తీస్కపోయేటోళ్ళు రా! పిట్ట ఇసాన్ని గుంజుకుంటది. మల్లొకపారి సదువు."

మళ్ళీ చదివాను. బడిలో పద్యం అప్పజెప్పినట్టు గొంతు పెంచి చదివాను.

పావురాలు అడిగితే యాకూబ్ కాక బిత్తరపోయాడు. "పటేలా, గూడు ఊడ్సేటప్పుడు నేనే మూతికి రుమాల్ కట్టుకుంట. లేకుంటే రెండు దినాలు దగ్గే. నువ్వు తలాపున పెట్టుకుంటనంటున్నవ్, దిమాగ్ ఖరాబైందా?"

"పేపర్ల వడ్డది యాకూబ్. రాసినోళ్ళు నీకన్న తక్కువ సదివిన్రా?"

"రాసినోడు ఎన్నడన్న గూడు ఊడ్సిండా?"

బాపు వినలేదు. కాక ఇవ్వనంటే సంతలో నాలుగు జతలు కొని తెచ్చి మంచం తలాపున గూడు పెట్టించాడు. దవాఖాన మానేశాడు. రెక్కల గాలి బయటికి పోతుందని కిటికీ కూడా మూయించాడు. "కిటికన్న తెరువుండ్రి, మీ కాళ్ళు మొక్కుత" అని అమ్మ ఏడ్చేది. పొద్దున దిండు మీద తెల్లటి పొడి పరుచుకొని ఉండేది. సంక్రాంతి దాటాక డ్యూటీకి నడవలేకపోయాడు. ఆ వెన్ను వంగడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. మంచం మీదే దవాఖానకు మోసుకుపోతే, డాక్టరు సంగతంతా విని, "ముందు ఆ గూడు ఇంట్లోంచి తియ్యండి" అన్నాడు. ఉగాదికి బాపు లేడు. మూతికి రుమాలు కట్టుకొని గూడు మోసుకుపోవడానికి వచ్చిన యాకూబ్ కాక రుమాలు కన్నీళ్ళకు తడిసిపోయింది.

పేపరు వాళ్ళకు నేనొక కార్డు రాశాను. మీరు వేసింది అబద్ధం, మా బాపు చనిపోయాడు, అబద్ధమని అచ్చు వెయ్యండి. రోజూ పేపరంతా వెతికాను. కొన్నాళ్ళకు అదే పేజీలో గాడిదపాల మహిమ వచ్చింది.

బొగ్గు చేసింది బొగ్గే చేసింది, పేపరే చంపిందని నేననను. కానీ ఆ దవాఖాన లైన్లోంచి తప్పుకోవడానికి ఒక అభిమానవంతుడు సాకు వెతుక్కుంటున్నప్పుడు, ఆ పేపరు సిగ్గు లేకుండా ఆ సాకును అచ్చేసి వాకిట్లోకి విసిరింది. చదివి వినిపించిన గొంతు నాది. ఆ రెండింటినీ నేను క్షమించలేదు.

ఇప్పుడా క్వార్టర్లు లేవు, చిర్రగోనె లేదు, యాకూబ్ కాక లేడు. ఆదివారం పేజీ మాత్రం ఫోన్లోకి మారి బతికే ఉంది. జొన్నలు ఎవరు చల్లారని అడిగితే మా చిన్నబిడ్డ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మకు ఆయాసం కద డాడీ! పావురాలు దగ్గరుంటే తగ్గుతదట. ఇగో, న్యూస్‌ల వచ్చింది, సదువుతా?"

చదవనిచ్చాను. బడిలో పద్యం అప్పజెప్పినట్టే చదివింది. తర్వాత తనను పక్కగదిలో వాళ్ళమ్మ దగ్గరికి పంపి తలుపు వేశాను. మూతికి రుమాలు కట్టుకొని, నీళ్ళు చల్లి, ఆఖరి గింజ దాకా ఊడ్చేశాను.