గట్టి బ్రేకు

హారనమ్మకు కోపం వస్తే వీధి మొత్తానికీ తెలుస్తుంది. ఆ పేరు వచ్చిందే అలా. కారు హారన్ పాడైన రోజుల్లో ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేస్తే చాలు, సైకిళ్ళూ స్కూటర్లూ పక్కకు తప్పుకునేవి. తర్వాత హారన్ బాగైంది గానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మొగుడికి చూపు మసకబారి స్టీరింగ్ వదిలేశాక ఆ సీట్లో ఆమె కూర్చుంది. ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళనూ, నెలలు నిండిన ఆడవాళ్ళనూ ఆ పాత తెల్లకారులో తిప్పడమే పని. నోటికి పూర్తిగా వ్యతిరేకం ఆమె చెయ్యి. కడుపులో చల్ల కదలకుండా తీసుకెళ్తుందని గర్భిణులు ఆమె కోసమే ఎదురుచూసేవారు.

అలాంటి మనిషి మొన్న ఆసుపత్రి గేటు దగ్గరి పల్లంలో కాపలాదారు కుర్చీని గుద్దేసింది. కూర్చున్నవాడు లేచి పక్కకు దూకాడు కాబట్టి సరిపోయింది. రెండు కాళ్ళూ బ్రేకు పెడల్ మీద పెట్టి, సీట్లోంచి లేచి మరీ తొక్కినా అది దిగనంటే దిగనంది. వెనక సీట్లో ఉన్న నిండు చూలాలు మర్నాడు వేరే బండి మాట్లాడుకుంది.

ఇక చూడండి, ప్రతివాడూ వైద్యుడే. వయసు మీదపడిందన్నారు. కాలిలో పట్టు తగ్గిందన్నారు. మోకాలికి రాసుకునే మందు ట్యూబు ఒకటి తెచ్చి మొగుడు భోజనాల బల్ల మీద పెట్టాడు. అక్కడితో ఊరుకున్నాడా అంటే అదీ లేదు.

"ఎవరి ప్రాణమో పోయేదాకా ఎందుకు? అమ్మేద్దాం. సాయంత్రం కారు చూసుకోడానికి ఒకతను వస్తున్నాడు" అన్నాడు కాఫీ తాగుతూ.

"నా కాలికేం రాలేదండీ! బ్రేకే గట్టిగా ఉంది. మీ తమ్ముడికి చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది."

"వాడు చూశాడుగా. బ్రేకు బ్రహ్మాండంగా ఉందన్నాడు."

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాళంచెవి లాక్కుని, మొదటి గేరులోనే నత్తనడకన కారును మరిది రిపేరు షెడ్డుదాకా తీసుకెళ్ళింది. మరిది ఏదో వ్యాన్ కింద పడుకుని ఉన్నాడు. అతని కాళ్ళ పక్కన నిలబడి, పేరుకు తగ్గట్టే కేక వేసింది.

"ఏంటి వదినా, పొద్దున్నే ప్రళయమా?" అంటూ బయటికి పాక్కుంటూ వచ్చాడు.

"బ్రేకు గట్టిగా ఉందని చెప్పానా, లేదా?"

"చెప్పావు. నేనూ తొక్కి చూశా. గట్టిగానే ఉంది. లోకమంతా బ్రేకు మెత్తబడిందని ఏడుస్తుంటే, గట్టిగా ఉందని ఏడ్చేది నువ్వొక్కదానివే."

హారనమ్మకు అప్పటికి విషయం అర్థమైంది. గట్టి తాళం, గట్టి గోడ, గట్టి పిల్ల. అతనికి గట్టి అంటే మెచ్చుకోలు. ఇన్నాళ్ళూ తను మొరపెట్టుకుంటే ఈ మహానుభావుడు పొగడ్తగా విన్నాడన్నమాట.

"ఓరి నీ గట్టి తగలెయ్యా! తొక్కితే దిగడం లేదనిరా నా గోల! అసలెలా చూశావు నువ్వు?"

"ఇక్కడే... ఇంజను ఆపి..."

"ఇంజను ఆపి తొక్కితే ఏ బండి పెడలైనా బిగుసుకుంటుందని నాకు చెప్పింది ఎవర్రా? నువ్వు కాదూ? ఎక్కు. నడుపు. ఆ టైర్ల దగ్గర ఆపు."

అతను ఎక్కాడు. నడిపాడు. ఆపలేకపోయాడు. గోడవారన పేర్చిన పాత టైర్లు దబదబా కూలాయి. దిగేసరికి అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆ తర్వాత మరిది వేళాకోళం మాని మెకానిక్ అయ్యాడు. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కాడు. కాలు తియ్యకుండానే తాళం తిప్పాడు. ఇంజను అందుకోగానే పెడల్ కాలి కింద కాస్త జారాలి. జారలేదు.

"బ్రేకు బూస్టరుకి సాయం అందట్లేదు వదినా. ఇంజను గాలి పీల్చే జోరే మన కాలికి తోడు. ఆ జోరు తెచ్చే పైపు ఎక్కడో చిల్లిపడింది."

"సిగ్నళ్ళ దగ్గర ఇంజను వణుకుతోందని కూడా చెప్పా. విన్నావా?"

మరిది పనివాళ్ళను కేకేశాడు. షెడ్డులో మిగతా ఇంజన్లన్నీ ఆపించి, బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. పాము బుసకొట్టినట్టు సన్నటి చప్పుడు. గుండ్రటి బూస్టరు డబ్బాకు వెళ్ళే రబ్బరు పైపు వంపు దగ్గర, కంటికి కనబడని అడుగువైపున పగిలి ఉంది. అక్కడ బొటనవేలు అదిమిపెట్టాడు. ఇంజను వణుకు ఆగింది.

"ఇప్పుడు తొక్కు" అన్నాడు.

సీట్లో కూర్చుని తొక్కింది. పెడల్ మెత్తగా దిగింది. హారనమ్మకు సంతోషం రాలేదు. ఒళ్ళు మండిపోయింది. అందరూ అనీ అనీ, చివరికి తన కాలును తనే అనుమానించింది. ఎవరూ చూడకుండా తలుపేసుకుని ఆ మందు కూడా రాసుకుంది. అది గుర్తొచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటినీ కోపంగానే తుడుచుకుంది.

మరిది కొత్త పైపు వేసి క్లిప్పులు బిగించాడు. ఇద్దరూ కలిసి ఆసుపత్రి పల్లంలోకి వెళ్ళి చూసుకున్నారు. ఎక్కడ తొక్కితే అక్కడ ఆగింది బండి. కాపలాదారు మాత్రం వీళ్ళను చూడగానే కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయాడు.

"తప్పయిపోయింది వదినా. మాట సరిగ్గా అర్థంకాలేదు."

"మాట అర్థంకాకపోతే పోనీరా. అందరూ నా కాలి వంకే చూశారు. ఒక్కరైనా ఆ సీట్లో కూర్చుని నడిపి చూశారా?"

షెడ్డు దగ్గర అతను కారు దిగాడు. "ఆ పాత పైపు ఇలా ఇవ్వు" అంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, కారు కొనడానికి వచ్చినతను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మొగుడు అతనికి కాఫీ ఇస్తున్నాడు. హారనమ్మ గొంతు పెంచలేదు. వీధికి వినబడకుండా ఆమె మాట్లాడింది ఆ రోజే. మందు ట్యూబును పక్కకు జరిపి, మోకాలిలా వంగి ఉన్న ఆ పగిలిన పైపును మొగుడి ముందు పెట్టింది.

"ఇదిగోనండీ, పట్టు తగ్గిన నా మోకాలు. కొంటారేమో అడగండి."