కొట్టంలో పరిచిన రాతిపొడి

గౌలిపురలో పాలు పోసే కృష్ణయ్య కూతురి పేరు స్వీటీ. సర్టిఫికెట్లలో కూడా అదే. ఆ పేరుతోనే ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. పేరు మార్చుకోమన్న వాళ్లతో, దానికి ఆఫీసుల చుట్టూ మీరు తిరుగుతారా అంటుంది.

ఆమె దాచింది పేరును కాదు, ఇంటిని. ఇంటర్‌లో పక్క బెంచీ పిల్ల ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకున్న నాటి నుంచి, నాన్న ఏం చేస్తాడని ఎవరడిగినా "బిజినెస్" అంటుంది. పొద్దున రెండుసార్లు సబ్బు రుద్దుకుని, కొట్టం వైపు గాలి తగలకుండా వెనక సందులోంచి బస్సుకు పోతుంది. ఇంటి నుంచి ఫోనొస్తే ల్యాబు వరండా చివరికి వెళ్లి మాట్లాడుతుంది. కొట్టంలో ఆరు బర్రెలున్నాయి. వాటికి ఈ సంగతి తెలియదు.

ఆమె పని రాళ్లతో. జియోలైట్ అనే రాయి నిండా కంటికి కనబడని బొక్కలు. ఆ పొడిని బిళ్లగా నొక్కి, రెండు వైపులా తీగలు తగిలించి, గాజు పాత్రలో మూసి, లోపలికి అమోనియా ఆవిరి వదలాలి. ఆవిరి ఆ బొక్కల గోడలకు అంటుకునే కొద్దీ బిళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది. ఎంత పారిందో చూసి ఎంత అంటుకుందో లెక్కగట్టొచ్చు. పుస్తకాల్లో దీన్ని అధిశోషణ అంటారు. ఇంట్లో "మా స్వీటీ రాళ్లకు కరెంటు పెడ్తది" అంటారు. అదీ తప్పు కాదు.

ఈ వానాకాలం ల్యాబు కురిసింది. రాతిపొడి సంచిని ఇంటికి తెచ్చి, పిడికెడు కూడా పోకూడదని తల్లి ఆండాలుకు చెప్పి, మెట్ల కింద పెట్టింది. ల్యాబు బాగయ్యాక తీసుకెళ్లి బిళ్లలు నొక్కితే, ఆవిరి వదలకముందే కరెంటు పారింది. వదిలాక మీటరులో అంకె కదల్లేదు. స్వీటీ తీగలు మార్చింది, మీటరు మార్చింది. గైడు హైమవతి మేడం కళ్లద్దాలు మార్చి చూసింది.

"నెలాఖరుకి తేలకపోతే ఈ అధ్యాయం తీసేద్దామమ్మా," అంది మేడం. అది తీసేస్తే థీసిస్‌లో మిగిలేవి ముందుమాట, కృతజ్ఞతలు. స్వీటీకి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి ఆ మాటే చెబితే, పాలు కొలుస్తున్న ఆండాలు తల కూడా ఎత్తలేదు.

"వానకు కొట్టం గచ్చంత తడితడి అయ్యింది బిడ్డా. కట్టెల పొయ్యి లేకపాయె, పరువనీకి బూడిద లేకపాయె. నీ సంచిల పొడి పరిచిన. మస్తు పనికొచ్చింది, కంపు గిట్ల ఏం లేకుంట పోయింది."

"మరి సంచి నిండుగనే ఉండె గదమ్మా?"

"పిడికెడు గూడ పోవద్దంటివి గద. ఊడ్చి, నాలుగు నీళ్లల్ల కడిగి, బిల్డింగు మీద ఎండబెట్టి మల్ల పోసిన. ఏం తక్కువ గాలే."

బర్రెల మూత్రంలోని అమోనియాను రాయి కడుపునిండా తాగేసింది. నీళ్లతో కడిగితే పోదు, కొలిమిలో కాల్చాలి. కాలిస్తే లోపలున్నది బయటికొస్తుంది. ఏం వాసనతో వస్తుందో స్వీటీకి తెలుసు.

మర్నాడు అందరూ భోజనాలకు పోయిన వేళ చూసి, పళ్లెం నిండా పొడి పోసి ఫర్నేసులో పెట్టింది. కాసేపటికి వరండా అంతా గౌలిపుర అయింది. టిఫిన్ డబ్బాలతోనే జనం పోగయ్యారు.

"డ్రైనేజీ పగిలినట్టుంది మేడం," అన్నాడు పక్క ల్యాబు రవీందర్, ముక్కుకు రుమాలు పెట్టుకుని.

మేడం స్వీటీ వైపు చూసింది. ఊఁ అంటే సరిపోయేది.

"డ్రైనేజీ కాదు మేడం," అంది స్వీటీ. "మా ఇంటి కొట్టం. మేము పాలోళ్లం. మా అమ్మ ఈ పొడిని బర్రెల కింద పరిచింది."

మేడం ఒకసారి గట్టిగా గాలి పీల్చింది.

"ఎన్ని గేదెలు?"

"ఆరు మేడం."

"సరే. కాలిన పొడితో బిళ్ల నొక్కు, చూద్దాం."

కొత్త బిళ్లలో కరెంటు దాదాపు పారలేదు. ఆవిరి వదిలారు. అంకె కదిలింది, కదులుతూనే పోయింది. మేడం చాలాసేపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"కొంచెం పొడి మళ్లీ మీ కొట్టంలో పరవమను. కడగొద్దని చెప్పు. థీసిస్‌లో అది కూడా రాద్దాం."

స్వీటీ అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"పరుస్త గని," అంది ఆండాలు, "మీ మేడంకు పాలు గిట్ల కావాల్నేమో అడుగు."

వెనక బర్రె అరిచింది. స్వీటీ ఫోను స్పీకర్లో పెట్టింది.