ఫౌంటెన్‌లో నాలుగో మొహం

ఆశీర్వాదం సిమెంటు విగ్రహాలు చేస్తాడు. ద్రాక్షారామం రోడ్డులో నా టైర్ల షాపుకి ఎదురుగానే అతని షెడ్డు. మనిషి మంచివాడే గానీ, ఎదురుగా ఫోటో లేకపోతే ముక్కు కూడా పెట్టలేడు. పోయిన తండ్రులు, గెలిచిన నాయకులు, అక్కడ అందరూ ఫోటోల్లోంచి లేచి నిలబడ్డవాళ్ళే.

మొన్న వేసవిలో భీమవరం నుంచి వినీల అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. ఫంక్షన్ హాలు ముందు ఫౌంటెన్ కట్టాలని ఓ కాగితం ఇచ్చింది. ఎప్పుడో పూర్వం ఏ దేశంలోనో ఒక ఆర్కిటెక్టు పెన్సిలుతో గీసిన బొమ్మకి జిరాక్సు అది. గుండ్రటి తొట్టి, అందులో మోకాలిలోతు నీళ్ళలో నలుగురు ఆడవాళ్ళు. బట్టల మడతలన్నీ శ్రద్ధగా గీసిన ఆ మహానుభావుడు మొహాలు మాత్రం రెండు గీతలతో సరిపెట్టేశాడు.

“మొహాలు ఎవరివమ్మా?” అన్నాడు ఆశీర్వాదం.

“ఎవరివైనా పర్లేదండి. అందంగా ఉంటే చాలు.”

ఆ మాటతో ఇతనికి అనుమానం పట్టుకుంది. ఎవరివీ కాని మొహాలు ఎవరైనా చేయించుకుంటారా? రేపు ఏ పెద్దింటివాళ్ళో వచ్చి, మా ఆవిడ పోలిక పెట్టావంటూ తగాదాకి దిగితే? ఎందుకొచ్చిన గొడవని తన ఇంటివాళ్ళనే పెట్టేశాడు. మొదటిది వాళ్ళమ్మ, రెండోది భార్య సంపూర్ణమ్మ, మూడోది అక్క.

నాలుగోది ఎవరో ఎవరికీ తెలియలేదు. పాతికేళ్ళ పిల్ల. చక్కటి పిల్ల.

ఇప్పుడు అనుమానం సంపూర్ణమ్మ వంతయింది. ఫోటో లేనిదే చెయ్యి ఆడని మనిషికి ఈ మొహం ఎక్కణ్ణుంచి వచ్చింది? అడిగితే “ఊరికే అలా వచ్చిందే” అన్నాడు. ఆవిడ నమ్ముతుందా! నిరుడు విగ్రహం పనికని తుని వెళ్ళి నెల్లాళ్ళు ఉండిపోయిన సంగతి గుర్తొచ్చింది. అతని ఫోను తిరగేసింది, చొక్కా జేబులు దులిపింది, ఆదివారం అతని బండెక్కకుండా ఆటోలో చర్చికి వెళ్ళింది. నన్నూ వదల్లేదు.

“మీకు తెలీకుండా ఉంటుందా అప్పాజీగారూ? మీ స్నేహితుడే కదండీ!”

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానంగానే ఉంది.

బొమ్మలు లారీకి ఎక్కించే రోజు గొడవ రోడ్డున పడింది. సంపూర్ణమ్మ బట్టల సంచీతో బయటికొచ్చింది.

“ఆ తుని మనిషెవరో చెప్పండి. లేకపోతే మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను.”

ఆశీర్వాదం తలెత్తలేదు.

“తునీ లేదు, గినీ లేదు. మన పెద్దదే. బతికుంటే ఈపాటికి ఇలా ఉండేదేమోనని...”

వాళ్ళ మొదటి పిల్ల నెలల బిడ్డగా ఉండగా నిమ్ము చేసి పోయిందట. ఫోటో తీయించేలోపే. ఇన్నేళ్ళ స్నేహంలో ఆ మాట నా దగ్గర ఒక్కసారీ ఎత్తలేదు.

సంపూర్ణమ్మ సంచీ కింద పడేసింది. బొమ్మ దగ్గరికి వెళ్ళి నుదురు తడిమింది, చెంపలు తడిమింది. నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. మొగుడి మీదికి గయ్యిమని లేచింది.

“పొద్దస్తమానం నీళ్ళలో నిలబెడతారా దీన్ని?”