తిప్పితే అరిగిపోయే కారు

డ్రాయింగు మాస్టారు కారు కొన్నది తిరగడానికి కాదు, కాపాడుకోవడానికి. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, చుక్క ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది, పసిబిడ్డకు జ్వరం తగ్గినట్టు హమ్మయ్యా అని ఊపిరి పీల్చుకుంటారు. "ఎక్కడికైనా వెళ్దామండీ" అని భార్య అంటే, "తిప్పితే అరిగిపోదుటే?" అని ఉలిక్కిపడతారు. అందుకే ఆయిల్ మార్పించే రోజు వచ్చిందంటే ఆవిడకు పండగే. పెళ్లికి వెళ్తున్నట్టు ముస్తాబై ముందు సీట్లో కూర్చుంటుంది. వీధి చివరి షెడ్డు దాకా అద్దం దించి, కనబడ్డవాళ్లందరినీ పలకరిస్తుంది. మొన్న ఆయన చేతులు కడుక్కోవడానికి అటు వెళ్లగానే, మెకానిక్‌ను దగ్గరికి పిలిచి గుసగుసలాడింది:

"తమ్ముడూ, బ్రేక్ ఆయిల్ కూడా నల్లబడిందని చెప్పు. ఇవాళే మార్చేయకు నాయనా, వచ్చే వారం రమ్మను!"