కండక్టర్ పిన్ని, చివరి బెంచీ

మా పిన్ని గొంతు వింటే ఇంజను ఆగిపోయిన బస్సు కూడా కదులుతుందని మా బాబాయి అనేవాడు. ఆ మాట అనే హక్కు ఆయనకుంది. ఇద్దరిదీ ఒకే డిపో, చాలా ఏళ్ళు ఒకే బస్సు. ఆయన స్టీరింగు ముందు, ఆవిడ వెనక టికెట్లు కొడుతూ. పిన్ని రిటైరైంది గానీ ఆ గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఏ పెళ్ళి రిసెప్షన్‌లోనైనా జనం గుమ్మంలో గుమిగూడితే చాలు, "ముందుకు జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అంటుంది. పెళ్ళికొడుకుతో సహా అందరూ జరుగుతారు. బస్సులో పక్క సీటు మీద సంచి పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. "సంచికి కూడా టికెట్ తీశారా?" అని అడిగేది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పిన ప్రయాణికుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అలాంటి మనిషి ఆదివారం చర్చికొస్తే చివరి బెంచీలో కూర్చుని, పక్కన గోడవైపు చోట్లో తన నల్ల సంచి పెట్టుకునేది. అది బాబాయి చోటు. ఆయన పోయాక అందులో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. ఇంట్లో ఆయన చొక్కాలు పంచిపెట్టింది, మంచం ఇచ్చేసింది, గుండె రాయి చేసుకుని ఒక్కొక్కటీ సర్దేసింది. "ఆ ఒక్క చోటూ ఉండనివ్వవే. అక్కడ కూర్చుంటే మీ బాబాయి పక్కనే ఉన్నట్టుంటుంది" అని ఒకసారి నాతో అంది. నేను ఆ చర్చిలో కీబోర్డు వాయిస్తాను. నా స్టూలు ముందువైపు, జనానికి ఎదురుగా ఉంటుంది. ఎవరు కునుకు తీస్తున్నారో, ఎవరు ఎవరి కంట పడకుండా తిరుగుతున్నారో అన్నీ నాకు కనిపిస్తాయి. పాస్టరు గారికీ కనిపిస్తాయి గానీ ఆయన మంచివాడు, పట్టించుకోడు.

మాది పాత లూథరన్ చర్చి. అటు జిరాక్స్ కొట్టు, ఇటు టైర్ల గోదాము, మధ్యలో మేము. ఒకప్పుడు చుట్టూ ఇళ్ళుండేవి. ఇప్పుడన్నీ ఆఫీసులు, దుకాణాలు, వీధి చివర ఒక పెద్ద ఆసుపత్రి. మా వాళ్ళు చాలామంది ఊరి శివార్లలో అపార్ట్‌మెంట్లు కొనుక్కుని వెళ్ళిపోయి, అక్కడి చర్చిల్లో చేరిపోయారు. మిగిలిన గుప్పెడుమందీ హాలు చివరి బెంచీల్లో ఒకరి మీద ఒకరు పడుతూ కూర్చునేవారు. ముందు వరసలన్నీ ఖాళీ. పాస్టరు గారు బలిపీఠం దగ్గర నిలబడి ఆరాధన క్రమంలో ఒక మాట అంటే, సంఘం చెప్పవలసిన జవాబు పక్క వీధిలోంచి వచ్చినట్టు వినిపించేది.

వెనక కూర్చోవడం మా వాళ్ళకి వంశపారంపర్యం. తాతలు బెంచీలు చేయించి ఇచ్చినప్పుడు వాటికి ఇత్తడి పేరుపలకలు కొట్టించారు. చాలా పలకలు నల్లబడిపోయాయి. ఒక్కటి మాత్రం అద్దంలా మెరుస్తుంది, ఎందుకంటే ఒక పెద్దాయన ప్రతి వారం దాన్ని జేబురుమాలుతో తుడుస్తాడు. ఆయన్ని చాటుగా మేమంతా ఇత్తడి తాత అంటాం. సంఘపెద్దల్లో అందరికన్నా గట్టిగా మాట్లాడేది ఆయనే. ఆయన బెంచీ కూడా చివరి వరసే, పిన్ని బెంచీకి అవతలివైపు.

ఆ ఏడాది మా చర్చిలన్నిటి మీదా అజమాయిషీ చేసే సినడ్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఒక్క ఏడాది చూస్తారట. సంఘం కోలుకోకపోతే మమ్మల్ని ఊరవతలి పెద్ద చర్చిలో కలిపేసి, ఈ భవనానికి తాళం వేస్తారట. పాస్టరు గారు ఆ సంగతి చెబుతున్నప్పుడు నేను పిన్ని వైపు చూశాను. సంచి మీద చెయ్యి వేసి కదలకుండా కూర్చుంది. చర్చి పోతే బాబాయి చోటు కూడా పోతుంది.

పెద్దలు మీటింగు పెట్టారు. ఒకాయన గోడలకి రంగులన్నాడు. ఇంకొకాయన కొత్త మైకుసెట్టన్నాడు. ఇత్తడి తాత బ్యానరన్నాడు, కాబట్టి బ్యానరే ఖాయమైంది. "కొత్తవారికి హృదయపూర్వక స్వాగతం" అని రాయించి గేటుకి కట్టాం. దాని కింద నిలబడి అందరం ఫొటో కూడా దిగాం. కొత్తవారు తప్ప అందరూ ఉన్నారు అందులో.

చెప్పొద్దూ, బ్యానరు పనిచేసింది. ఆ ఆదివారమే ఒక నర్సు వచ్చింది. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంది. పాట మధ్యలో సిగ్గుపడుతూ ఇత్తడి తాత బెంచీ అంచున కూర్చుంది. తాత ఆవిడ వైపు వంగి ఏదో అన్నాడు. ఏమన్నాడో పిన్ని తర్వాత చెప్పింది. "అమ్మా, ఇది మా తాతగారి బెంచీ. ముందు బోలెడు ఖాళీ ఉంది, చూడు." ఎంతో మర్యాదగా అన్నాడట.

ఆ అమ్మాయి ముందుకి చూసింది. పొడుగాటి నడవ, అటూ ఇటూ ఖాళీ బెంచీలు, చివర పాస్టరు గారూ నేనూ. కొత్త చోట, అందరూ చూస్తుండగా అంత దూరం ఎవరు నడుస్తారు? లేచి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది. తాతకి చీమ కుట్టినట్టయినా లేదు. కళ్ళు మూసుకుని పాడేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి రెండు చోట్ల తప్పు వాయించాను.

ఆరాధన అయ్యాక పిన్ని పాస్టరు గారిని మెట్ల దగ్గర పట్టుకుంది.

"అయ్యగారూ, ఎక్కేవాళ్ళకి గుమ్మం దగ్గర చోటుండాలండి. మనమంతా ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, బస్సు ఖాళీ రండి రండి అంటే ఎవరెక్కుతారు?"

పాస్టరు గారు నోట్లో నాలుక లేని మనిషి. "నిజమేనమ్మా, కానీ మనవాళ్ళు వినాలి కదా" అని నీళ్ళు నమిలారు.

"వినిపించే పని నాకొదిలేయండి."

మరుసటి ఆదివారం పిన్ని గుమ్మంలో నిలబడింది. జనం అలవాటు కొద్దీ వెనక బెంచీల వైపు తిరగబోయేసరికి ఆ గొంతు లేచింది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి. వెనక ఎక్కేవాళ్ళున్నారు." కొందరు నవ్వుకుంటూ జరిగారు, కొందరు గొణుక్కుంటూ జరిగారు. ఇత్తడి తాత మాత్రం ససేమిరా అన్నాడు.

"చూడు చెల్లమ్మా, ఇది మా తాతగారిచ్చిన బెంచీ. నేను కూర్చుంటే ఇందులోనే కూర్చుంటాను."

"అలాగే అన్నయ్యగారూ, ఇందులోనే కూర్చోండి" అంది పిన్ని.

ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించి ఉండాల్సింది. ఆ వారంలో టైర్ల గోదాము హమాలీలని పిలిచి, ఆ బెంచీని ఎత్తించి మొదటి వరసలో వేయించింది. ఆదివారం తాత వచ్చి చూస్తే తన చోట్లో ఉత్త నేల కనిపించింది. అటూ ఇటూ వెతికి, చివరికి నా ముందు దాన్ని గుర్తుపట్టి, నడవంతా నడిచొచ్చి పలక తడిమి చూసుకున్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఆయన ఒంటికాలి మీద లేస్తాడనుకున్నాను. కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఇక్కడ వెలుతురు బాగుంది. పలక అందరికీ కనిపిస్తోంది కదూ?" అన్నాడు. బాగా కనిపిస్తోంది తాతగారూ అన్నాను. ఏం చేస్తాను మరి.

ఆ నర్సుని పిన్ని ఆసుపత్రి గేటు దగ్గర కాపు కాసి పట్టుకుంది. "గుమ్మం పక్కనే నీకు చోటుంచాను, మధ్యలో వచ్చినా ఎవరూ ఏమీ అనరు" అని చెప్పింది. ఆ అమ్మాయి వచ్చింది, తర్వాత హాస్టల్లో ఉండే స్నేహితురాళ్ళని తెచ్చింది. బట్టల కొట్టులో పనిచేసే ఒకమ్మాయి, ఏటీఎం దగ్గరుండే సెక్యూరిటీ ఆయన, ఇలా ఒక్కొక్కరే తగిలారు. కొందరు ప్రసంగం మధ్యలో డ్యూటీకి లేచి వెళ్ళిపోతారు. కొందరు హాయిగా నిద్రపోతారు. పాస్టరు గారు దానికి కాస్త నొచ్చుకుంటే, "దిగే స్టాపొస్తే వాళ్ళే లేస్తారు లెండి" అంది పిన్ని. వచ్చినవాళ్ళందరూ నిలిచారని చెప్పను. అయినా పాస్టరు గారి మాటకి ఇప్పుడు జవాబు హాలు నిండా వినిపిస్తోంది.

ఒక్క సంగతి మాత్రం మారలేదు. దాన్ని తాతే బయటపెట్టాడు. "అందర్నీ జరిపావు చెల్లమ్మా, నీ సంచి మాత్రం జరగలేదు."

"కండక్టరు గుమ్మం దగ్గరే ఉండాలండీ" అని పిన్ని తప్పించుకుంది. అంతవరకూ నిజమే. సంచి కూడా కండక్టరేనా అని నాకు నోటిదాకా వచ్చింది గానీ, ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను.

ఏడాది తిరిగేసరికి సినడ్ ఆఫీసు నుంచి ఒకాయన మమ్మల్ని చూడటానికి వచ్చాడు. ఆ తర్వాత తాళం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఆ రోజు నాకు గుర్తుండిపోయింది అది కాదు. బయట వాన దంచేస్తోంది. వెనక బెంచీలు తడిసిన మనుషులతో నిండిపోయాయి. ఆ సినడ్ ఆయన కూడా అలవాటు కొద్దీ వెనక కూర్చోబోతే, పిన్ని "ముందుకు జరగండి సార్" అని ఇత్తడి తాత పక్కకి తోలేసింది.

పాట నడుస్తుండగా ఒకావిడ గుమ్మంలోకొచ్చింది. భుజం మీద నిద్రపోతున్న పసిబిడ్డ, చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు. వెనక చోటు లేదు. ముందుకి చూసింది, ఆ పొడుగాటి నడవ చూసింది, నర్సు లాగే ఒక అడుగు వెనక్కి వేసింది. అప్పుడు సంచి కంటపడింది.

"ఇక్కడెవరైనా ఉన్నారా అమ్మా?"

అప్పటికి చరణం అయిపోయింది. నేను తర్వాతది ఎత్తుకోవాలి, వేళ్ళు కదల్లేదు. హాలు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి పిన్ని మాట నాదాకా వచ్చింది. బస్సుని కదిలించే గొంతు కాదు అది, చాలా చిన్నది.

"మా ఆయనుండేవారమ్మా. దిగిపోయారు. కూర్చో."

సంచి తీసి భుజాన తగిలించుకుంది. బిడ్డని పడుకోబెట్టుకోవడానికి ఆవిడకి చోటు చాలదనుకుందేమో, తనూ లేచింది. అంతమందిని నడిపించిన నడవలో మొదటిసారి తను నడిచొచ్చింది. ఇత్తడి తాత తాను జరిగి, సినడ్ ఆయన్ని కూడా జరిపి, తన బెంచీలో చోటిచ్చాడు. పిన్ని కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, కీబోర్డు కనపడటం మానేసింది. ఆఖరి చరణం నిలబడి పాడటం మా అలవాటు, జనం అప్పటికే లేచారు.

పిన్ని నావైపు చూసింది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"వాయించవే" అంది. "జనం నిలబడి ఉన్నారు."