కోదాడ ఎండలో సూర్యాపేట వడియాలు

పెళ్లయి సూర్యాపేటలో అడుగుపెట్టిన నెలకే నేను మా వీధికి వాతావరణ శాఖనైపోయాను. ఆ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు, నేనే ఎక్కి కూర్చున్నాను. ప్రతి ఆదివారం పొద్దున టీ తాగుతూ ఫోను తీసి, టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా గొంతు సవరించుకుని, రాబోయే వారం రోజుల సంగతి గడపలో నిలబడి చదివేదాన్ని. ఎదురింటావిడ మిరపకాయలు ఆరబోసేది నా మాట మీదే. ధాన్యం వ్యాపారం చేసే మా మామయ్య కూడా, మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లారీ పంపేముందు, వడ్లు తడవకుండా తాటిపత్రి పట్టా కప్పాలా వద్దా అని నన్నే అడిగేవారు. కొత్త కోడలికి అంతకన్నా హోదా ఏం కావాలి? నా కాళ్లు నేల మీద ఆగేవి కావు.

నమ్మనిది అత్తమ్మ ఒక్కతే. ఆమెకు తన మోకాలే వాతావరణ కేంద్రం. మోకాలు గుంజితే వాన, లేకపోతే ఎండ. కానీ ఆ ఏడు ఫాల్గుణం నుంచి అది రోజూ గుంజడం మొదలుపెట్టింది. దాని లెక్కన రోజూ వాన పడాలి, చినుకు లేదు. పాపం, మోకాలి పరువు పోయింది.

వైశాఖంలో మా ఆడబిడ్డ పెళ్లి. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లకిచ్చే సారెలో గుమ్మడి వడియాలు తప్పకుండా ఉండాలి, అవి తల్లి చేత్తో పెట్టినవై ఉండాలి, వాటికి నాలుగు మంచి ఎండలు తగలాలి. వడియం నల్లబడినా, వాసనొచ్చినా అపశకునమే. అలాంటి వడియాలకు ఏ రోజు మంచిదో చెప్పమని అత్తమ్మ నన్నడిగింది. ఇంట్లో నా మాట నిలిచినా మునిగినా ఇక ఆ పిండితోనే.

ఆదివారం ఫోను చూసి, వారమంతా ఎండే, ఆకాశంలో మబ్బు ముక్క కూడా ఉండదని ప్రకటించాను. బుధవారం ముహూర్తం పెట్టాను. మంగళవారం సాయంత్రం బూడిద గుమ్మడికాయ తరిగి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటకట్టి బరువు పెట్టాం. తెల్లవారుజామున మినప్పప్పు రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి, పెద్ద గిన్నెడు పిండితో డాబా ఎక్కాం. తడిపిన పాత చీర పరిచి వరసలు మొదలుపెట్టాం. నాలుగో వరస మధ్యలో ఉండగా పెన్‌పహాడ్ వైపు నుంచి చల్లటి గాలి వచ్చింది. గాలే కదా అన్నాను. ఉరిమింది. దూరంగా కదా అన్నాను. మూడోసారి నన్ను నోరు తెరవనివ్వకుండా వాన దంచేసింది.

పిండి గిన్నె మీద అత్తమ్మ తన కొంగు కప్పింది. పెట్టిన వడియాలను, పరిచిన చీరతో సహా, ఆడబిడ్డ మూటకట్టి లాక్కొచ్చింది. వీధిలో మిరపకాయల వాళ్ల కేకలు, నా పేరుతో సహా, స్పష్టంగా వినబడుతున్నాయి. మెట్ల కింద తల తుడుచుకుంటూ ఆడబిడ్డ నా ఫోను తీసుకుని చూసింది.

"వదినా, గిది కోదాడ గదా!"

కోదాడే. మా పుట్టిల్లు. ఫోను కొన్న రోజున వాతావరణం చూసే చోట మా ఊరు పెట్టుకున్నాను. పెళ్లయ్యాక ఒకసారి మార్చబోయాను, చెయ్యి రాలేదు. మా అమ్మ డాబా మీద ఎండో మబ్బో తెలుసుకుంటే గానీ నాకు పొద్దు మొదలయ్యేది కాదు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. చలి పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో రెండు ఊళ్లకూ ఒకటే ఎండ కాబట్టి ఇన్నాళ్లూ దొంగ దొరకలేదు. కోదాడ గంట ప్రయాణం. గంటే కదా, ఎప్పుడైనా పోవచ్చు అనేవారందరూ. పెళ్లి పనుల్లో ఆ ఎప్పుడైనా రానేలేదు. కొత్త కోడలు అడిగితే బాగుండదని నేనూ అడగలేదు. బెంగ మాత్రం తగ్గలేదు.

కేకలకు బయటికొచ్చిన మామయ్య ముందు నవ్వారు. నెలన్నరగా కోదాడ ఎండ చూసుకుని సూర్యాపేట లారీలు పంపానా అని కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన్ని చూసి ఆడబిడ్డ, ఆమెను చూసి నేను. ఏడవాల్సిన చోట నవ్వొస్తే ఆపడం ఎవరి తరం? అత్తమ్మ మాత్రం నవ్వలేదు. గిన్నెలో పిండినే చూస్తోంది. సాయంత్రానికి అది పులిసిపోతుంది. నా నవ్వు సగంలోనే చచ్చింది.

"కోదాడల ఎండ కొడుతున్నట్టేనా?" అంది.

"వారమంతా కొడుతదత్తమ్మా," అన్నాను బిక్కచచ్చిపోయి.

"అయితే నడువ్. పిండి పులువకముందే పోదాం."

నేను ఎగిరి గంతేయలేదంటే అది నా చేతిలో గిన్నె ఉండబట్టే. మూత మీద గుడ్డ బిగించి, ఆధార్ కార్డులు పట్టుకుని, తడి చీరలతోనే బస్సెక్కాం. గిన్నెను అత్తమ్మ ఒళ్లో పెట్టుకుంది. కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు రెండు కొట్టి, గిన్నెలో ఏముందని అడిగితే, పెండ్లిపిల్ల సారె అని గంభీరంగా చెప్పింది. మునగాల దాటేసరికి రోడ్డు పొడిగా ఉంది. ఎండ కిటికీలోంచి మా ఒళ్లో పడింది. అత్తమ్మ ఎండ వంక, నా వంక చూసి, అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కోదాడ బస్టాండు దాకా ఆపలేదు.

వియ్యపురాలు మొదటిసారి గడప తొక్కుతోందని తెలిసి మా అమ్మ కంగారుతో సగమైపోయింది. కాళ్లకు నీళ్లు, పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని గేటు దగ్గరే నిలబడింది. మర్యాదలు తర్వాత, ముందు పాత చీర ఒకటి ఇవ్వమంది అత్తమ్మ. పదినిమిషాల్లో ముగ్గురం డాబా మీదున్నాం. అమ్మ చిన్నవి పెడుతుంది, అత్తమ్మ పెద్దవి పెడుతుంది. ఇలా అయితే బాగా ఎండుతాయండీ వదినగారూ అని అమ్మ, గట్ల అయితే విస్తట్ల కనబడవు వదినా అని అత్తమ్మ. వాళ్లిద్దరి మధ్య నేను మధ్యరకం పెట్టుకుంటూ పోయాను. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా లేదు.

భోజనం చేసి అత్తమ్మ బయలుదేరింది. నేనూ చెప్పులు వేసుకున్నాను. వడియాలకు నాలుగెండలు తగలాలి, కాకులను కొట్టేదెవరు అని అడిగి, నన్ను గేటు లోపలే నిలిపి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ నాలుగు రోజులూ పాత చుడీదార్లు వేసుకుని, అమ్మ చేతి ముద్దలు తింటూ, డాబా మీద కాకులను అదిలించాను. కాకులు పెద్దగా రాలేదు. నాలుగో సాయంత్రం వడియాలు చాటలో గలగలమన్నాయి. అత్తమ్మకు ఫోన్ చేసి, బాగా ఎండాయని, తెల్లగా వచ్చాయని, పొద్దున బస్సుకు తెస్తానని చెప్పాను.

"రేపు ఎట్లుందట గాడ ఎండ?"

చూసి, బాగానే ఉందని చెప్పాను.

"అయితే ఇంకో ఎండ తగలనియ్యి, బిడ్డా," అంది.